కట్టినవాళ్లే విప్పాలి

"కట్టినవాళ్లే విప్పాలి గిరిజా. ఏ పెట్టెలో ఏముందో నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది?"

ఊరగాయ జాడీ మూతికి పాత చీర ముక్క బిగించి కడుతున్నాను. నా భర్త అచ్యుతరావు కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఈ మాట మెచ్చుకోలుగానే అన్నాడు. మెచ్చుకోలు మాటల వల్లే నా జీవితంలో పని పెరిగిందని అప్పటికి నాకు తెలుసు. పెళ్లయిన రెండో ఏడు మొదటి బదిలీ వచ్చినప్పుడు, అతని గడ్డం గీసుకునే సామాను ఏ పెట్టెలో ఏ మూల ఉందో చూడకుండా చెప్పగలిగాను. దానికి కారణం నా జ్ఞాపకశక్తి. దాని పర్యవసానం ఏమిటంటే, తరువాతి బదిలీలన్నిటికీ ఇల్లు కట్టడమూ విప్పడమూ నా వంతే అయింది. "మా ఆవిడ పెట్టెలు కట్టడంలో పీహెచ్‌డీ" అని స్నేహితులతో అనేవాడు. నేను అర్థశాస్త్రంలో ఎమ్మే చేసి, విశ్వవిద్యాలయంలో ప్రథమురాలిగా నిలిచి, పరిశోధనకు సీటు వచ్చిన వేసవిలోనే పెళ్లిపీటల మీద కూర్చున్న మనిషినని ఆ స్నేహితులెవరికీ తెలియదు. తెలియజేయాలని నేనూ అనుకోలేదు. నవ్వేవాళ్ల మధ్య నిజం చెబితే నవ్వు ఆగిపోతుంది. బయట నవ్వు ఆగితే ఇంటికొచ్చాక మాటలు ఆగిపోతాయి. ఆ వరస నాకు కంఠతా వచ్చు.

ఇది 1995 జూన్ మాట. మేము చంద్రపూర్ వదిలి విశాఖపట్నం వెళ్లిపోతున్నాము.

చంద్రపూర్‌ను ప్రేమించడానికి పైకి కనిపించే కారణం ఏదీ లేదు. వేసవిలో మధ్యాహ్నం వీధిలోకి అడుగుపెడితే పొయ్యిలోకి తల పెట్టినట్టుంటుంది. ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిద రంగులోకి తిరుగుతుంది. మేము ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మా అత్తగారు పదిహేను రోజులుండి, "ఇదేం ఊరే తల్లీ, ముక్కు చీదితే కాటుక వస్తోంది" అని కృష్ణా జిల్లాకు తిరుగు ప్రయాణం కట్టింది. సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరైన అచ్యుతరావు ఈ ఊరిని "బొగ్గు గుంట" అనేవాడు. నేను కూడా మొదట్లో అలాగే అన్నాను. భర్త ఒక ఊరికి పెట్టిన పేరునే భార్య కూడా వాడుతుంది. వేరే పేరు పెట్టాలంటే ఆ ఊరిని ఆమె వేరుగా చూసి ఉండాలి, చూడాలంటే ఒంటరిగా నడిచి ఉండాలి. చాలా ఏళ్లు నేను ఇక్కడ ఒంటరిగా నడవలేదు.

నడవడానికి కారణం నా కూతురు కావేరి. ఆమె ఇంట్లో కూర్చుని బడి మరాఠీ వాచకం గట్టిగా చదువుతుంటే, పక్కన వంకాయలు తరుగుతూ నేనూ ఆ భాష నేర్చుకున్నాను. ఆమె ఇంజనీరింగ్ చదువుకు నాగపూర్ హాస్టల్‌కు వెళ్లిపోయాక నా మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. ఒకనాడు జట్‌పురా గేటు దగ్గర కూరగాయలకు వెళ్లి, గోండు రాజులు కట్టించిన ఆ కోటగోడ నీడలో నిలబడితే, పక్కనున్న మహిళా కళాశాల గోడ మీద ప్రకటన కనిపించింది. అర్థశాస్త్రం చెప్పడానికి గంటల లెక్కన మనిషి కావాలి. కూరగాయల సంచితోనే లోపలికి వెళ్లాను. వారం తిరగకుండా పాఠం చెప్పడం మొదలుపెట్టాను. "గంటకింత అని పనిచేసేవాళ్లను కూలీలంటారు గిరిజా" అన్నాడు అచ్యుతరావు, నవ్వుతూనే. గంటకు ఏమీ లేకుండా చేసేవాళ్లను ఏమంటారని నేను అడగలేదు. మా అత్తగారు ఉత్తరంలో రాయించింది: "ఆడదానికి ఉద్యోగం చీరకు జరీ అంచు వంటిది. ఉంటే అందమే, లేకపోతే చీరేమీ చిరిగిపోదు."

ఆ మొదటి ఏడాది, ఒక సాయంత్రం పాఠం ముగించి బయటికొచ్చాక విపరీతంగా ఆకలేసింది. గేటు పక్కన బండి మీద అటుకుల పోహా పెట్టి, మీద ఎర్రటి కారం పులుసు పోసి ఇస్తున్నారు. కొనుక్కుని, నిలబడి తిన్నాను. సగం తిన్నాక నాకు ఒక సంగతి తట్టింది. పుట్టి బుద్ధెరిగాక నేను ఒంటరిగా, ఎవరికీ వడ్డించకుండా, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో లెక్క చూసుకోకుండా, ఆకలేసిన క్షణంలో వేడిగా తిన్న మొదటి తిండి అదే. ముక్కు కారింది, కళ్లు మండాయి. ఎదురుగా సైకిళ్లు, ఎర్ర బస్సులు, బొగ్గు లారీలు. పైన కోట బురుజు మీద పావురాలు. ఈ ఊరిని నేను ప్రేమించడం ఆ పూట మొదలైంది. ఇంత చిన్న కారణమా అని ఎవరైనా అనవచ్చు. నా నలభై ఏళ్లలో అంతకంటే పెద్ద కారణం ఏ ఊరూ నాకు ఇవ్వలేదు.

ఆ కళాశాలలో నా విద్యార్థిని రమ. పాతికేళ్ల కోడలుపిల్ల. ఆమె మామ చిన్నయ్య కరీంనగర్ వైపు నుంచి వచ్చి బొగ్గు గనిలో పనిచేస్తూ చనిపోయాడు. ఆ ఉద్యోగం ఆమె భర్త సదానందానికి వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, రాయడం మరాఠీలోనే వచ్చు. ఒకరోజు జాతీయాదాయం పాఠంలో పాత ఉదాహరణ ఒకటి చెప్పాను. ఒక పెద్దమనిషి జీతమిచ్చి వంటమనిషిని పెట్టుకున్నాడు. తరువాత ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. వంట అదే, మనిషి అదే, కానీ జీతం ఆగిపోయింది కనుక లెక్కల్లో దేశ ఆదాయం తగ్గింది. క్లాసు నవ్వింది. చివరి బల్ల నుంచి రమ లేచి, అందరి ముందూ తెలుగులోనే అడిగింది.

"మల్ల ఆమె ఇడిచిపెట్టి పోతె పెరుగుతదా మేడం?"

తెలుగు అర్థమయిన నలుగురూ పగలబడి నవ్వారు. నేను నల్లబల్ల వైపు తిరిగి చాలాసేపు తుడిచాను.

రమను చదివిస్తున్నది భర్త కాదు, అత్త లస్మవ్వ. కోడలి కాలేజీ వేళకు ఇంటి పని తానే మీద వేసుకునేది. వారానికోసారి కొంగులో పుంటికూర కట్టుకుని మా క్వార్టర్‌కు వచ్చేది. దాన్ని నేను గోంగూర అంటే, "ఏ పేరు పెట్టి పిలిచినా పులుపు తక్కువైతదా బిడ్డా?" అనేది. బొగ్గు దుమ్ముతో దగ్గి దగ్గి భర్త పోయిన తరువాత ఆమె బొట్టు లేకుండా, గాజులు లేకుండా, గొంతు మాత్రం తగ్గకుండా బతికింది.

అచ్యుతరావు ఈ ఊరు వదిలేస్తున్న సంగతి నేను కాఫీ ట్రే పట్టుకుని ఉండగా విన్నాను. దేశమంతా తలుపులు తెరుచుకుంటున్న కాలం. కొత్త ప్రైవేటు కంపెనీలు వస్తున్నాయి, పాత ఫ్యాక్టరీలలో ముందుగా విరమణ తీసుకున్నవాళ్లకు మంచి మొత్తాలు ఇస్తున్నారు. అచ్యుతరావు విరమణ తీసుకున్నాడు, విశాఖలో కొత్త విద్యుత్ కంపెనీలో పెద్ద పదవికి ఒప్పుకున్నాడు. ఇవన్నీ జరిగిపోయాక, ఇంటికొచ్చిన తోటి ఇంజనీర్లకు చెబుతుంటే నేను విన్నాను. "గిరిజగారేమంటున్నారు?" అని ఒకాయన మర్యాదకు అడిగాడు. "ఆవిడకేముంది, వారం చాలు, పెట్టెలు కట్టేస్తుంది" అన్నాడు. ఆ ఇంటిలో నేను ఆక్షేపించగలిగిన విషయాలలో ట్రేలోని కాఫీ చల్లారిపోవడం ఒకటి. అందుకని, "చల్లారిపోతోంది, తీసుకోండి" అన్నాను.

ఆ వారమే కళాశాలకు అర్థశాస్త్రంలో శాశ్వత ఉపన్యాసకురాలి పోస్టు మంజూరైంది. ఇంటర్వ్యూ జూన్ పన్నెండు, సోమవారం. ప్రిన్సిపాల్ రాజకుమారి నన్ను గదిలోకి పిలిచి, మరాఠీలో అక్కను పిలిచినట్టు, "గిరిజాతాయీ, మీరు ఒక్కసారి వచ్చి కూర్చోండి చాలు. మిగతాది నేను చూసుకుంటా" అంది. విశాఖలో అచ్యుతరావు కొలువులో చేరవలసిందీ అదే సోమవారం. ఇంటికొచ్చి చెప్పాను. మూడు విధాలుగా చెప్పాను: మొదట ఆశగా, తరువాత తర్కంగా, చివరికి బతిమాలుతున్నట్టుగా. పోనీ మీరు ముందు వెళ్లండి, నేను ఇంటర్వ్యూ అయ్యాక వస్తాను, ఫలితం చూసి తరువాతి మాట ఆలోచిద్దామని చెప్పాను.

"నేను పోయి హోటల్లో తినాలా? పెట్టెలు ఎవరు విప్పుతారు?" అన్నాడు. "నీ సరదా వైజాగులో తీర్చుకోవచ్చు. అక్కడ మాత్రం కాలేజీలు లేవా? పైగా కావేరికి మనవాళ్లలో సంబంధం చూడాలి."

సరదా. అతని పని ఉద్యోగం, నా పని సరదా. మరునాడు రమకు చెప్పాను, సోమవారం ఇంటర్వ్యూకు రాలేనని. ఆమె చేతిలో పుస్తకం అంచులు సరిచేస్తూ నిలబడి, వెళ్లిపోయింది.

శనివారం పొద్దున రైలు. లారీ ముందురోజే సామాను తీసుకుని వెళ్లిపోయింది. ఖాళీ ఇంట్లో, గోడల మీద పటాలు తీసిన చోట తెల్లటి చదరాలు మిగిలాయి. మిగతా గోడ ఎంత నల్లబడిందో అప్పుడే తెలిసింది. కొడుకు కొత్త కాపురం చక్కబెట్టడానికని మా అత్తగారు వారం ముందే వచ్చి, మిగిలిన ఒక్క మడతకుర్చీలో కూర్చుని ఉంది. అచ్యుతరావు జీపు తేవడానికి వెళ్లాడు. అప్పుడు రమ, ఆమె పక్కింటి తిరుపతమ్మ, మరి ఇద్దరు ఆడవాళ్లు పసుపు కలిపిన బియ్యం చేటతో, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డతో లోపలికి వచ్చారు. లస్మవ్వ గడప బయటే ఆగింది.

"ఇప్పుడు బియ్యం ఎందుకమ్మా? సామాను లారీలో వెళ్లిపోయింది" అంది మా అత్తగారు.

"తినేటందుకు కాదు పెద్దమ్మా. గివి ఒడిబియ్యం" అంది లస్మవ్వ బయటినుంచే. "బిడ్డ ఇల్లు ఇడిసి పోతుంటే పుట్టింటోళ్లు పోస్తరు."

"పుట్టింటివాళ్లా? మీరా?"

"ఇన్నేండ్లు మా నడుమ ఉన్నది. మా కోడలికి సదువు చెప్పింది. మేం గాక ఇంకెవలు పోస్తరు?"

మా అత్తగారు ఆలోచించింది. శుభం పేరు చెప్పి వచ్చినదాన్ని ఆవిడ జీవితంలో ఎన్నడూ కాదనలేదు. "మావైపు చలిమిడి పెడతాం" అంది చివరికి, ఒప్పుకుంటున్నట్టుగా.

"మీ దిక్కు చలిమిడి, మా దిక్కు ఒడిబియ్యం. గంతె."

నన్ను తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. కొంగు పట్టమన్నారు. రమ దోసిలి నింపి పోసింది, తిరుపతమ్మ పోసింది. పసుపు బియ్యం చల్లగా, బరువుగా ఒడిలోకి దిగింది. నా తల్లి నేను పెళ్లయిన మూడో ఏటనే పోయింది. అన్నదమ్ముల ఇళ్లున్నాయి. అవి వదినల ఇళ్లు. నాకు పుట్టిల్లనే మాట వాడుక తప్పిపోయి ఇరవై ఏళ్లయింది. గడప వైపు చూసి, "లస్మవ్వా, నువ్వూ రా. నువ్వే ముందు పొయ్యాలి" అన్నాను.

"మొగుడు పోయినదాన్ని నేను పొయ్యద్దు బిడ్డా."

"నాకు అలాంటి పట్టింపు లేదు."

"నీకు నడుస్తది. మీ అత్తకు నడువది" అంది, చిన్నగా నవ్వి. ఆ నవ్వు ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. పుట్టిల్లు చల్లగా ఉండాలని ఒడిలోంచి కొన్ని గింజలు తిరిగి చేటలో వేయించి, మిగతాది కొంగులో ముడి వేశారు. బయట జీపు చప్పుడు వినిపించింది. అప్పుడు లస్మవ్వ నావైపు కాదు, మా అత్తగారి వైపు చూస్తూ గొంతు పెంచింది.

"పెద్దమ్మా, జెర ఒక్క మాట ఇనుండ్రి. గీ బియ్యం కొత్తింట్ల పొయ్యి మీదికి ఎక్కియ్యద్దు. సోమారం పొద్దుగాల మా ఇంటి పొయ్యి మీద, ఒడి నిండిన బిడ్డ తన చేతితోని వండాలె. అటెన్క కొత్తింట్ల పాలు పొంగియ్యాలె. మా దిక్కు రివాజు గది."

"అదేమిటమ్మా, ఇవాళ వెళ్తూంటే మళ్లీ సోమవారం ఇక్కడికెలా వస్తుంది?"

"నేనేం చెప్పాలె పెద్దమ్మా. రివాజు చెప్పిన. పైలంగ పోయిరా బిడ్డా."

రమ తల వంచుకుని పెదవి కొరుక్కుంటూ నిలబడింది. ఏడుపు ఆపుకుంటోందనుకున్నాను.

రైలు కదిలింది. ఒడిలో మూటతో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురుగా అత్తగారు, ఆవిడ పక్కన భర్త. ఊరు మెల్లగా వెనక్కి జరుగుతోంది. కోటగోడ ముక్క ఒకటి చెట్ల మధ్య కనిపించి మాయమైంది. విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు ఎంతదూరం వెళ్లినా వెంటే వచ్చాయి. ఎన్నో ఊళ్లు వదిలాను నేను, కానీ ఎప్పుడూ ఇలా లేదు. వదిలిన ప్రతి ఊరూ అతనిదే, అతని ఫ్యాక్టరీ, అతని క్వార్టర్, అతని స్నేహితులు, కనుక వదలడం కూడా అతనిదే. నాది కట్టడం మాత్రమే. చంద్రపూర్‌ను వదులుతున్నప్పుడు మొదటిసారి వదలడం నాదయింది. గేటు పక్కన పోహా బండి నాది, మధ్యాహ్నపు ఎండలో గొడుగు వేసుకుని నడిచిన ఆ వీధి నాది, చివరి బల్ల నుంచి లేచే ఆ ప్రశ్న నాది. స్త్రీలు ఏడవడానికి అనుమతి ఉన్న సందర్భాలు మన సమాజం చక్కగా ఏర్పరిచి పెట్టింది: పుట్టింటి నుంచి వెళ్తున్నప్పుడు, బిడ్డను పంపుతున్నప్పుడు, చావు ఇంట్లో. ఒక ఊరి కోసం, అందులోనూ భర్తకు నచ్చని ఊరి కోసం ఏడవడానికి చోటు లేదు. అయినా కళ్ల నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. ఒడిలో మూటను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను మరి.

"ఎందుకా ఏడుపు? చచ్చేంత ఎండ, మొహం నిండా బొగ్గు. ఏముందక్కడ?" అన్నాడు అచ్యుతరావు. జవాబు కోసం ఆగకుండా, "ఆ మూట కింద పెట్టరాదూ? బల్లార్షాలో ఎవరైనా ముష్టివాళ్లకిచ్చేద్దాం. మనకు బియ్యానికి కరువా?" అన్నాడు.

"నోర్ముయ్యరా. శుభమా అని పోసినవి" అంది అత్తగారు.

బల్లార్షా దాటాక వర్ధా నది వంతెన వచ్చింది. జూన్ మొదట్లో నీళ్లు లేవు, బండల మధ్య సన్నటి పాయ. వంతెన మీద రైలు చప్పుడు మారింది. ఆ చప్పుడులో నా మనసు ఒక్కసారి వెనక్కి నడిచి, గడప బయట నిలబడిన మనిషి మాటలను మళ్లీ విన్నది. సోమవారం పొద్దున. కొత్త ఇంట్లో పాలు పొంగకముందే. పన్నెండో తేదీ సోమవారం. రమ పెదవి కొరుక్కుని ఆపుకున్నది ఏడుపు కాదు. మా అత్తగారి ముందు లస్మవ్వ దోసిలి పట్టకపోవడం వినయం కాదు. ఆమె చేయి తగిలితే మా అత్తగారి దృష్టిలో ఆ కార్యం అంతా చెల్లనిదైపోతుంది. అది చెల్లాలి, చెల్లితేనే రివాజూ చెల్లుతుంది. ఆచారం తనను గడప బయట నిలబెట్టిన చోటినుంచే లస్మవ్వ ఆచారాన్ని నా కోసం తయారుచేసింది.

వంతెన దాటాక స్టేషన్ల పేర్లలో తెలుగు అక్షరాలు కనిపించడం మొదలయ్యాయి. "హమ్మయ్య, మన బోర్డులు" అన్నాడు అచ్యుతరావు. నా భాషలోకి వస్తూ నా ఊరికి దూరమవుతున్నాను.

అత్తగారు మూట వైపే చూస్తూ కూర్చుంది. కాగజ్‌నగర్ దాటాక ఇక ఉండబట్టలేక అడిగింది. "ఏమే గిరిజా, ఆవిడ చెప్పిన ఆచారం నిజంగానే ఉందా వాళ్లలో?"

ఉందో లేదో నాకు తెలియదు. "ఉందండి" అన్నాను.

"మరి వెళ్లకపోతే ఏమవుతుందట?"

లస్మవ్వ కారణం మాత్రమే ఇచ్చింది. పర్యవసానం చెప్పలేదు. అది నాకు వదిలేసింది. జీవితమంతా కారణాలకు పర్యవసానాలు వెతకడమే నా చదువు. ఎదురుగా కూర్చున్న ఇద్దరినీ చూశాను. ఉద్యోగం, జీతం, నా చదువు, నా కోరిక అనే నాలుగు కారణాలూ వీళ్ల ముందు పెట్టాను, ఒక్కటీ పనిచేయలేదు. ఏ పర్యవసానానికి వీళ్లు భయపడతారో, ఈ ఇంట్లో దేనికి విలువ ఉందో ఇన్నేళ్లుగా నాకు స్పష్టంగా తెలుసు.

"ఇంటి మగవాళ్లకు మంచిది కాదటండి" అన్నాను. "ప్రాణం మీదికి వస్తుందట."

అచ్యుతరావు గట్టిగా నవ్వాడు. "ఇవన్నీ బొగ్గు గనివాళ్ల మూఢనమ్మకాలు. ఇంజనీరు పెళ్లానివి, ఎమ్మే చదివినదానివి, సిగ్గులేదూ?" నవ్వుతూనే చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. కిందటేడు డాక్టరు రక్తపోటుకు మాత్రలు రాసిచ్చాడు. ఆ చెయ్యి అక్కడినుంచి వెంటనే తీయలేదు. నా ఎమ్మే ఆ ఇంట్లో అందరికీ జ్ఞాపకం వచ్చిన రోజు అదొక్కటే.

"నీకు తెలియదురా, నోరు మూసుకో" అంది తల్లి. "ఒడి నింపినవాళ్ల మాట కాదంటే కలిసి రాదు. కాజీపేటలో దిగి వెనక్కి వెళ్లు గిరిజా. పాలు పొంగించడం సోమవారం కాకుండా బుధవారం పెట్టుకుందాం."

"అమ్మా! సోమవారం నేను జాయినవ్వాలి. పెట్టెలు?"

"పెట్టెలెక్కడికి పోతాయి? అది వచ్చి విప్పుతుంది. నువ్వుంటేగా పెట్టెలు!"

రామగుండం దగ్గర అతను నా వైపు చూడకుండా, "సరే. అమ్మ చెబుతోంది కనుక వెళ్లిరా. బుధవారానికల్లా వచ్చెయ్యాలి" అన్నాడు. నేను మూడు విధాలుగా అడిగితే దొరకని అనుమతి, నేను అడగకుండానే దొరికింది. సంతోషించవలసిన చోట నాకు నోరంతా చేదయింది. నా జీవితంలో నెగ్గిన ఒక్క మాటా అబద్ధమైనందుకు, అదీ అతని ప్రాణం గురించిన అబద్ధమైనందుకు. నా గురించిన నిజాలేవీ నెగ్గలేదు.

కాజీపేటలో దిగాను. "ఒక్కదానివే ఎలా వెళ్తావే?" అంది అత్తగారు కిటికీలోంచి, అంతా అయ్యాక జ్ఞాపకం వచ్చినట్టు.

"పుట్టింటికి తోడెందుకండీ" అన్నాను.

సోమవారం తెల్లవారగానే లస్మవ్వ ఇంట్లో, బొగ్గు కుంపటి మీద ఆ పసుపు బియ్యం నేనే వండాను. రమ పక్కన కూర్చుని నవ్వుతూ అసలు సంగతి చెప్పింది. ఒడిబియ్యం తీసుకెళ్లి అత్తగారింట్లోనే వండుకోవాలట. లస్మవ్వ చెప్పింది దానికి పూర్తిగా తలకిందులు.

"ఎంత పని చేశావు లస్మవ్వా! అలాంటి రివాజే లేదట కదా?"

"ఎవలన్న పెడితెనే గద బిడ్డా రివాజు అయ్యేది" అంది, కుంపటిలో బొగ్గు సవరిస్తూ. "నన్ను గడప బయట నిలవెట్టిన రివాజు సుత ఎవలో పెట్టిందే. ఆళ్లు పెట్టంగ లేంది, నేను పెడితె తప్పా?"

కంచం ముందు నన్ను కూర్చోబెట్టి తానే వడ్డించింది. ఒడిలో పొయ్యకూడని చేతులు కంచంలో పెట్టవచ్చు, దానికి నిషేధం లేదు. పసుపు అన్నం వేడిగా తిన్నాను. తిన్న చేతికి పసుపు అలాగే ఉండగా జట్‌పురా గేటు దాటి ఇంటర్వ్యూకు వెళ్లాను. బల్ల అవతల కూర్చున్నవాళ్లు జాతీయాదాయం గురించే అడిగారు.

ఫలితం మంగళవారం తెలిసింది. సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో నిలబడి విశాఖకు ఫోన్ చేశాను. గాజు తలుపు బయట రమ, లస్మవ్వ నిలబడి ఉన్నారు. తొలకరి పడేముందు గాలి లేచి వీధిలో బొగ్గు దుమ్ము తిరుగుతోంది. పోస్టు వచ్చిందని చెబుదామని నోరు తెరిచాను.

"గిరిజా, నువ్వేనా? ముందు ఇది చెప్పు" అన్నాడు అచ్యుతరావు. "కాఫీ ఫిల్టరు ఏ పెట్టెలో పెట్టావు? రెండు రోజులుగా అమ్మా నేనూ కాఫీ లేక చస్తున్నాం. ఎక్కడ చూసినా తాళ్లూ గుడ్డలూ, ఏ ముడీ ఊడి రాదు."

"ఆకుపచ్చ ట్రంకులో" అన్నాను. "కుడివైపు, మీ తువ్వాళ్ల కింద, పాత పేపరు చుట్టి ఉంటుంది."

"చూశావా, చూడకుండానే చెప్పేస్తావు!" అన్నాడు, ఎప్పటి మెచ్చుకోలుతోనే. "సరే, అన్నం వండేశావుగా. ఈ రాత్రి ఏ బండికి బయలుదేరుతున్నావు?"

బయట లస్మవ్వ కొంగు తల మీదికి లాక్కుని ఆకాశం వైపు చూస్తోంది. మొదటి చినుకులు గాజు మీద పడి, దుమ్ములో నల్లటి గీతలుగా జారుతున్నాయి.

"ఎక్కడుందో చెప్పాను కదండీ" అన్నాను. "ఇక మీరే విప్పుకోండి."